మావారికి ఏమీ తెలియదు

పెరట్లో బొప్పాయి చెట్టు మగదా కాదా అన్న విషయం మీద మా ఇంట్లో రెండు పూటలు మాటలు లేవు.

దాన్ని ఎవరూ నాటలేదు. అంట్లు తోమే చోట ఎవరో పారేసిన గింజ మొలిచి, నా ఎత్తు దాటి, గొడుగులా విచ్చుకుంది. ఆ పొద్దున దానికి పొడుగాటి కాడలతో పూత వేలాడుతుంటే సంతోషపడి, బియ్యం కడిగిన నీళ్ళు పోస్తూ, "ఇంకో రెండు నెలల్లో కాయలు కోస్తాం" అన్నాను. పక్కనే పళ్ళు తోముకుంటున్న మావారు నోట్లో నురగతోనే "కాయదు" అన్నారు.

"ఎందుకు కాయదు? ఇంత పూత ఉంటేనూ!"

ఆయన నోరు పుక్కిలించి వచ్చి మరీ చెప్పారు. "అది మగ చెట్టు. మగదానికే పూత ఇలా జడకుచ్చుల్లా వేలాడుతుంది. ఆడదాని పువ్వు కాండాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది."

"చెట్లకి మగేమిటి, ఆడేమిటి? నీళ్ళు పోస్తే ఏ చెట్టయినా కాస్తుంది."

"నీళ్ళు పోస్తే బట్టలారేసే గుంజ కాస్తుందా?"

"అయితే కొట్టేయించండి."

"కొట్టేయమని నేనన్నానా? మగదన్నాను, అంతే."

"అన్నీ మీకే తెలుసు!" అని చెంబు అక్కడే వదిలేసి లోపలికి వచ్చేశాను.

మావారి పేరు సోమశేఖరం. ఉద్యానశాఖలో అధికారి. ఊరి చివరి ప్రభుత్వ మామిడి నర్సరీ ఆయన చేతికింద ఉంటుంది. అక్కడ అంటు కట్టడానికి కొమ్మలిచ్చే తల్లి చెట్లను ఆయన పేరుపేరునా ఎరుగుదురు. ఆయనలో లోపం ఒక్కటే. ఎదుటివాళ్ళు తప్పు చెబితే విని ఊరుకోలేరు. పెళ్ళిపందిట్లో పురోహితుడు "మామిడాకు" అని చెయ్యి చాపితే, "బంగినపల్లి" అని పక్కనుంచి అందించే మనిషి. అలాంటి మనిషితో కాపురం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ వారంలోనే జీవో వచ్చింది. దాని ప్రతిని మావారు ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని చదివారు.

"ఒక శాఖలో దీర్ఘకాలము పనిచేయు ఉద్యోగికి ఆ శాఖపై పరిజ్ఞానము కలుగుచున్నదనియు, పరిజ్ఞానము వలన అభిప్రాయములు, అభిప్రాయముల వలన అభ్యంతరములు, అభ్యంతరముల వలన ఫైళ్ళ జాప్యము కలుగుచున్నవనియు ప్రభుత్వ దృష్టికి వచ్చియున్నది. కావున పని తెలిసిన ప్రతి ఉద్యోగియు తనకు తెలియని శాఖకు, తెలియని జిల్లాకు బదిలీ చేయబడును."

మా అత్తయ్య శ్రద్ధగా విన్నారు. "పని తెలియనివాళ్ళని ఏం చేస్తార్రా?"

"ఉన్నచోటే ఉంచుతారమ్మా. నేర్చుకునేదాకా."

మా అమ్మాయి వైదేహి ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలు నాలుగు నెలల్లో ఉన్నాయి. అది పుస్తకం మూసి, "అంటే మనం వెళ్ళిపోవాలా?" అంది. మావారు జీవో మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక కాగితాన్ని తప్పు దిద్దకుండా ఆయన మడవడం నేను చూడటం అదే మొదలు.

నిజానికి పక్క జిల్లాల్లో ఈ పద్ధతి అప్పటికే అమలవుతోంది. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని పేపర్లో రాశారు. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి పశువుల ఆసుపత్రికి వచ్చిన ఒకాయన, ఆవు ఈనితే ఇద్దరు సాక్షుల సంతకాలు లేనిదే దూడ పుట్టినట్టు ఒప్పుకోవటం లేదట. గ్రంథాలయాల నుంచి అగ్నిమాపక కేంద్రానికి వెళ్ళినావిడ, ఫోన్లో గట్టిగా అరిచేవాళ్ళతో మాట్లాడటం లేదట. మెల్లిగా చెబితేనే బండి పంపుతున్నారు. ఫోన్లు బాగా తగ్గాయని, కాబట్టి అగ్నిప్రమాదాలు తగ్గాయని లెక్క తేల్చారు.

ఒక శుభకార్యానికని పక్క జిల్లాకు వెళ్ళినప్పుడు, అక్కడి నర్సరీ చూద్దామని మావారు పట్టుపట్టారు. దాని అధికారి చక్రధర్ గారు జైళ్ళ శాఖ నుంచి బదిలీ అయి వచ్చారు. మంచి మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేయించి, గేటుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"నేను వచ్చేసరికి ఇక్కడ క్రమశిక్షణ సున్నా అండీ," అన్నారాయన. "ఏ మొక్క ఎక్కడుందో లెక్కలేదు. ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హాజరు తీసుకుంటున్నాం. మొన్న వానకి రెండు మొక్కలు కొట్టుకుపోతే, పరారీ కింద కేసు రాయించాను."

మావారు ఒక వరస వైపు చూపించి, "ఆ అంటు మొక్కలకి కట్టు విప్పే సమయం దాటిపోయిందండీ. పట్టీ కాండంలోకి కోసుకుపోతుంది" అన్నారు.

"కట్టేసినవాళ్ళు ఏదో కారణం ఉండే కట్టేసి ఉంటారు కదా సార్! శిక్షాకాలం తేలకుండా నేనెలా విప్పుతాను?"

"మరి ఇవేంటి, వేరు నిలదొక్కుకోకుండానే అమ్మేస్తున్నారు?"

చక్రధర్ గారి ముఖం వికసించింది. "సత్ప్రవర్తన! నిటారుగా నిలబడి, పక్క మొక్క జోలికి పోనివాటిని ముందస్తుగా విడుదల చేస్తున్నాం. జిల్లా కలెక్టరు గారు కూడా మెచ్చుకున్నారు."

తిరుగు ప్రయాణంలో మావారు బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఊరు దగ్గరపడ్డాక, "మా నర్సరీకి కూడా ఇలాంటివాడే వస్తాడు" అన్నారు.

మా జిల్లా వంతు వచ్చేసరికి ప్రభుత్వం విధానాన్ని మరింత శాస్త్రీయం చేసింది. ఎన్నేళ్ళు పనిచేశారన్నది చూసి పరిజ్ఞానాన్ని అంచనా వేయడం న్యాయం కాదని కొందరు ఉద్యోగులు వాదించారట. ఎన్నేళ్ళు చేసినా తమకు ఏమీ తెలియలేదని వాళ్ళ బాధ. ఆ వాదన సబబుగానే ఉందని, ఎవరి శాఖ గురించి వాళ్ళకి పరీక్ష పెట్టారు. ముప్పై అయిదు మార్కులు దాటితే పాతుకుపోయిన ఉద్యోగి, బదిలీ. దాటకపోతే తాజా ఉద్యోగి, కొనసాగింపు. ప్రశ్నపత్రంలో గాని జవాబుల్లో గాని పక్షపాతం లేకుండా, ఒక్కొక్క శాఖ పత్రాన్ని ఆ శాఖతో ఎన్నడూ సంబంధం లేనివారితో తయారుచేయించారు.

"అంటే ఫెయిలవ్వాలి. అంతేగా!" అంది వైదేహి. "అదేం కష్టం కాదు నాన్నా. మా క్లాసులో సగంమంది ఏ కోచింగూ లేకుండానే అవుతారు."

మావారికి మాత్రం కష్టమే అయింది. మాదిరి ప్రశ్నపత్రం ఒకటి తెచ్చుకుని సాధన మొదలుపెట్టారు. మామిడి పూత మీద తేనెమంచు పురుగు కనిపిస్తే ఏమి చేయవలెను? మందు పేరు, మోతాదు, ఎన్నిసార్లు కొట్టాలో గబగబా రాసేసి, ఆపైన తల పట్టుకునేవారు.

"ఖాళీగా వదిలేయండి," అన్నాను.

"తెలిసీ వదిలేయడమా?"

"పోనీ తప్పు రాయండి."

"ఏ తప్పు? తప్పుల్లో కూడా ఇది మరీ ఘోరం, ఇది కొంత నయం అని ఉంటాయి కదా."

ఆయన తప్పు రాయడానికి కూడా నిఖార్సయిన తప్పు కోసం వెతుకుతున్నారని అర్థమై, నేను రంగంలోకి దిగాను. నేను చదివింది చరిత్ర. మొక్కల సంగతి నాకు బొత్తిగా తెలియదు. కాబట్టి నాకు తోచిందల్లా తప్పే అయి ఉండాలి.

"తేనెమంచు పురుగు వస్తే ఏం చేయాలి? నన్నడగండి," అన్నాను.

"ఏం చేయాలి?"

"ఉండనివ్వాలి. పేరులోనే తేనె ఉంది కదా! పట్టి తేనె తీసుకోవచ్చు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. దెబ్బ తగిలినట్టు ముఖం పెట్టి, అదే రాశారు.

"అంటు మొక్క ముందు కాస్తుందా, గింజ మొక్క ముందు కాస్తుందా?"

"గింజ మొక్కే. అంటు మొక్కకి కట్టు కట్టారంటే దెబ్బ తగిలినట్టేగా. కోలుకోవద్దూ?"

"కొబ్బరి చెట్టు కొమ్మల కత్తిరింపు ఏ మాసంలో చేయవలెను?" చదివి, ఆయన కలం బల్ల మీద పడేశారు. "కొబ్బరి చెట్టుకి కొమ్మలెక్కడివి! ఈ ప్రశ్నకి నేను జవాబు రాయను. ప్రశ్న దిద్ది ఇస్తాను."

"దిద్దితే మీకు తెలుసని తెలిసిపోతుంది. ఆషాఢం అని రాయండి."

"ఆషాఢం ఎందుకు?"

"పెళ్ళిళ్ళుండవు. మనుషులు ఖాళీగా ఉంటారు."

అత్తయ్య పక్కనుంచి, "కోడలు చెప్పింది బానే ఉందిరా" అన్నారు. మావారు తల్లి వంకా నా వంకా చూసి, మెల్లగా "ఆ, షా, ఢం" అని రాశారు. పరీక్షకు వెళ్ళే రోజున ఆయనకు ఒకటే మాట చెప్పి పంపాను. "ఏ ప్రశ్న వచ్చినా, దీనికి మా ఆవిడ ఏమంటుంది అని ఒక్క క్షణం ఆలోచించి, అదే రాసి రండి. బొప్పాయి వచ్చినా సరే."

సాధన చేసిన ప్రశ్నలన్నీ వచ్చాయి. బొప్పాయీ వచ్చింది. "బొప్పాయిలో మగ, ఆడ చెట్లు వేరువేరుగా ఉండునా?" అని. మావారు చెమట తుడుచుకుని, "ఉండవు. నీరు పోసిన ఏ చెట్టయినను కాయును" అని రాసి వచ్చారు. ఇంటికి వచ్చి తిన్నగా స్నానానికి వెళ్ళారు.

ఫలితాలు ఒక సోమవారం వచ్చాయి. మావారికి నూటికి నూరు. రాష్ట్రంలో ప్రథమ స్థానం.

ఆయన వాకిట్లో కూర్చుని జవాబుల పట్టిక మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు. పత్రం తయారుచేసిన నిపుణులకు, నాకు మధ్య ఒక్క విషయంలోనూ భేదాభిప్రాయం లేదు. తేనెమంచు పురుగును సంరక్షించి తేనె సేకరించవలెనట. అంటు మొక్క గాయపడినది కావున ఆలస్యముగా కాయునట. కొబ్బరి కొమ్మలు ఆషాఢంలోనే.

"నేను నిజాలు రాసి ఉంటే సున్నా వచ్చేది," అన్నారు మావారు. "జీవితంలో ఒక్కసారి అబద్ధం రాశాను. ప్రభుత్వం ఒప్పేసుకుంది."

ఆయన సహోద్యోగి గంగాధరం గారికి సున్నా వచ్చింది. ఆఫీసు కాగితం మీద సంతకం తప్ప మరేమీ రాయకపోవడం ఆయన ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పెట్టుకున్న అలవాటు. పరీక్ష పత్రం మీద కూడా సంతకం పెట్టి ఇచ్చి వచ్చారు. అత్యంత తాజా ఉద్యోగిగా గుర్తించి, మావారు ఖాళీ చేసే కుర్చీ ఆయనకే అప్పగిస్తున్నారని తెలిసింది. మావారిని వేసింది జైళ్ళ శాఖకు, రాష్ట్రానికి ఆ చివర.

అప్పీలు చేసుకోవచ్చన్నారు. మావారు అర్జీ పెట్టడానికి వెళితే, వైదేహి చదువు కాగితాలు పట్టుకుని నేను కూడా వెళ్ళాను. అప్పీళ్ళ అధికారి మృత్యుంజయరావు గారు ఓడరేవుల నుంచి వచ్చినవారు. బల్ల మీద పేపరువెయిటు బదులు చిన్న లంగరు పెట్టుకున్నారు.

"ముందుగా అభినందనలు," అన్నారాయన. "నూటికి నూరు! మీవంటివారు ఒకే శాఖలో ఉండిపోవుట ప్రమాదకరము."

"సార్, నేను రాసిన జవాబులన్నీ తప్పులు," అన్నారు మావారు.

"తప్పులని మీకెట్లు తెలియును?"

"చదువుకున్నానండీ. ఇన్నేళ్ళుగా అదే పని చేస్తున్నాను."

"అనగా మీకు తెలుసు. తెలిసినవారికి బదిలీ తప్పదు."

"పోనీ తెలియదనుకోండి."

"తెలియనివారికి నూటికి నూరు ఎట్లు వచ్చును?"

నేను అందుకున్నాను. "అయ్యా, ఆ జవాబులు నావండీ. నేను చెబితే ఈయన రాశారు."

మృత్యుంజయరావు గారు నన్ను మొదటిసారి చూశారు. "తమరు ప్రభుత్వ ఉద్యోగిని కారు కదా! తమ పరిజ్ఞానము వలన ప్రభుత్వమునకు ఏ ఇబ్బందీ లేదు. మీరు ఎంత తెలుసుకున్ననూ మాకు అభ్యంతరము లేదు." ఆపైన, ఆడపిల్ల చదువు కాగితాలు చూసి మెత్తబడి, సొరుగులోంచి ఒక కాగితం తీశారు. "మానవతా దృక్పథముతో ఒక వెసులుబాటు ఉన్నది. నమూనా తొమ్మిది. ఉద్యోగి భార్య సంతకము చేసిన, పరీక్షా ఫలితము యాదృచ్ఛికమని భావించి బదిలీ రద్దు చేయబడును. భర్తకు ఏమి తెలియునో, ఏమి తెలియదో భార్య కన్న సాధికారికముగా చెప్పగలవారు లేరని ప్రభుత్వము విశ్వసించుచున్నది."

కాగితం తీసుకుని చదివాను. "నా భర్త అయిన ఫలానావారికి వారి శాఖను గురించి గాని, మరి దేనిని గురించి గాని ఏమియు తెలియదని మనఃపూర్వకముగా ధ్రువీకరించుచున్నాను." కింద ఒక షరతు ఉంది. ఇట్లు ధ్రువీకరింపబడిన ఉద్యోగి తన తెలియమిని ఉద్యోగ విరమణ వరకు కాపాడుకొనవలెను. రైతులకు గాని ఇతరులకు గాని సలహా ఇచ్చినట్లు తేలినచో చర్య తీసుకొనబడును. ఈ నియమము అర్జీ పెట్టిన దినము నుండియే వర్తించును.

"చాలామంది భార్యలు ఇక్కడే నిలబడి సంతకము చేయుదురు," అన్నారాయన కలం అందిస్తూ. "కొందరు చదవరు కూడా."

"ఇంటికి తీసుకెళ్ళి ఆదివారం తరువాత ఇస్తానండీ," అన్నాను. చదవకుండా నేను పాల చీటీ మీద కూడా సంతకం పెట్టను. చదివాక కూడా ఒకసారి ఆలోచిస్తాను.

ఆ సంగతి తెలిసి, మా వెనకింట్లో ఉండే గంగాధరం గారి భార్య కనకవల్లి పనిగట్టుకుని వచ్చింది. "ఇంకా పెట్టలేదా వదినా! దానికి ఆలోచనెందుకు? మా ఆయనకి అక్కర్లేకపోయింది గానీ, అలాంటి కాయితం ఒకటి నాకూ కావాలి. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటాను."

"వదినా, మీ ఆయనకి నర్సరీ అప్పగిస్తున్నారటగా. అంటు మొక్కల సంగతి చూసుకుంటారా మరి?"

"ఆయన పాన్పు మీద దుప్పటే చూసుకోరు. పెట్టేయ్ వదినా, నీ మొగుడు నీ దగ్గరుంటాడు, పిల్ల చదువు సాగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇంట్లో అందరి మాటా అదే. అత్తయ్య రోజూ దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు నా వైపు చూస్తున్నారు. వైదేహి అడగదు. కానీ పుస్తకం ముందు పెట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చుంటోంది. మావారైతే పైకే, "పెట్టెయ్యి. దాంట్లో ఏముంది? కొన్నాళ్ళు నోరు మూసుకుంటే సరి, ఈలోగా పిల్ల చదువొకటి దారిన పడుతుంది" అన్నారు.

"షరతు ఉద్యోగ విరమణ వరకు అండీ."

"అప్పటిదాకా మూసుకుంటాను."

ఆదివారం పొద్దున గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడ్డాడు. మా ఊరికి ఆనుకున్న పల్లె రైతు, వీరాస్వామి. చేతిలో మామిడి పూత కొమ్మ. నల్లగా మాడినట్టుంది.

"బాబుగోరూ, తోటంతా ఇలాగే అయిపోతందండి. ఏం కొట్టమంటారు?"

మావారు కొమ్మ అందుకున్నారు. పూతను వేళ్ళతో విప్పి చూశారు. ఆకు తిప్పి కింది వైపు చూశారు. జబ్బు పేరు ఆయన నాలుక చివర దాకా వచ్చిందని, కిటికీలోంచి చూస్తున్న నాకే తెలిసింది. ఆయన కొమ్మ తిరిగి ఇచ్చేశారు.

"తెలియదు వీరాస్వామీ."

"అదేంటండి బాబూ! మీకు తెలీపోడమేంటి?"

"తెలియదు," అన్నారు ఇంకోసారి, నేల చూస్తూ. వీరాస్వామి కాసేపు నిలబడి, తనవల్ల ఏం తప్పు జరిగిందో తెలియక, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, చారు. నమూనా తొమ్మిది ఎదురుగా టీవీ మీద ఉంది, కలంతో సహా. ఎవరూ దాని వంక చూడటం లేదు.

అత్తయ్యే మాట కలిపారు. "ఇక్కడే ఉంటాం కాబట్టి, వచ్చే నెలకి ఆ బొప్పాయి కాస్తే మొదటి కాయ గుళ్ళో ఇద్దామే. పూత రాలిపోతోంది గానీ, కాస్తుంది. ఏరా?"

పచ్చడి కలుపుకుంటున్న నా చెయ్యి ఆగింది. మూడు నెలలుగా ఆ చెట్టు పూస్తూనే ఉంది, పూత రాలుతూనే ఉంది. పిందె అన్నది లేదు. రోజూ పొద్దున ఆ రాలిన పూత ఊడ్చి ఎత్తిపోసేది నేనే. ఎవరితోనూ ఆ మాట అనలేదు.

మావారు కంచంలోంచి తల ఎత్తలేదు. "కాస్తుందమ్మా," అన్నారు.

అంత మెత్తగా, అంత వినయంగా. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఎన్నిసార్లు గొడవపడి, ఎన్నిసార్లు అలిగినా ఈయన నోట ఒక్కసారి కూడా రాని మాట. ఇన్నేళ్ళూ అదే కోరుకున్నాను.

"కాయదు," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"అది మగ చెట్టు. ఆయన మొదటి రోజే చెప్పారు. నేను ఆ కాగితం మీద సంతకం పెట్టను. ఈయనకి తెలియదని నేను రాయలేను. తెలుసు కాబట్టి. మీరు జైళ్ళకి వెళ్ళి చేరండి. వైదేహి పరీక్షలయ్యేదాకా మేం ముగ్గురం ఇక్కడుంటాం, అయ్యాక సామాను సర్దుకుని వస్తాం. భోజనం చేసి వీరాస్వామి ఊరికి వెళ్ళి, ఏం కొట్టాలో చెప్పి రండి. అర్జీ వెనక్కి తీసుకుంటాం కాబట్టి మీకు మళ్ళీ అన్నీ తెలిసినట్టే."

వైదేహి కళ్ళు తుడుచుకుని, "నాన్నా, జైలుకి వెళ్తే నేను ఉత్తరాలు రాస్తానులే" అంది.

"ఎన్నేళ్ళురా అక్కడ?" అడిగారు అత్తయ్య.

"మూడేళ్ళమ్మా."

"సత్ప్రవర్తనగా ఉంటే ముందే వదుల్తారేమో. నువ్వలా ఉండవు గానీ."

మావారు నవ్వలేదు. నా వంకే చూస్తున్నారు. నేను చూపు తిప్పుకుని, "రేపు మనిషిని పిలిపించి ఆ చెట్టు కొట్టేయించండి. కాయని చెట్టు చోటు దండగ" అన్నాను.

ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. వీపు నిటారయింది.

"చోటు దండగ ఏమిటి? మగ చెట్టు లేకపోతే చుట్టుపక్కల ఆడ చెట్లు కాయవు. కనకవల్లి వాళ్ళ పెరట్లో అన్ని కాయలు కాస్తున్నాయంటే దేనివల్లనుకున్నావు?"

"ఇది మొదటి రోజే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చావా? చెంబు అక్కడ పడేసి వెళ్ళిపోయావు."

"పడేయలేదు. పెట్టాను."

"పడేశావు. సొట్ట కూడా పడింది."

వైదేహి పెరుగు గిన్నె మా ఇద్దరి మధ్యకు జరిపింది. నేను లేచి వెళ్ళి ఆ చెంబు తెచ్చి బల్ల మీద పెట్టాను. సొట్ట ఉంది.